బల్బు వెలుతురులో నీలం

నాకు చిన్నప్పటి నుంచీ చక్కెర జబ్బుందని, ఇన్సులిన్ సూదులతోనే నడుస్తున్నానని, పెళ్ళిచూపుల నాడే కోరుట్లలో మా నాన్న అందరి ముందూ చెప్పాడు. అయినా సిరిసిల్లలో అత్తగారింటి వాళ్ళు దాన్ని దాచిపెట్టిన సంగతిలాగే మాట్లాడేవాళ్ళు. నేనది మర్చిపోలేదు.

కడుపుతో ఉన్నప్పుడు జగిత్యాల డాక్టరమ్మ గట్టిగా చెప్పింది: చక్కెర పెరిగినా, మరీ పడిపోయినా బిడ్డకు ముప్పే. పొద్దున లేవగానే గాజు గొట్టంలో నీలం మందు పోసి, నాలుగు చుక్కల మూత్రం వేసి కాచాలి. నీలంగానే ఉంటే మంచిది. ఆకుపచ్చకో, పసుపుకో, ఇటుక రంగుకో తిరిగితే సూదిమందు ఎంత పెంచాలో చీటీ రాసిచ్చింది.

ఆరో నెలకు చలికాలం వచ్చి తెల్లవారడం ఆలస్యమైంది. అప్పటి నుంచి రోజూ ఆకుపచ్చే. నేను మందు పెంచేదాన్ని. పొద్దెక్కేసరికి చెమటలు, వణుకు. బెల్లం ముక్క నోట్లో వేసుకుని కూలబడితే మా అత్త ఊరుకునేది కాదు.

"నలుగుర్ని కన్న నేను. నాకు రాని వణుకు నీకెట్లొచ్చిందే? బియ్యం చెరుగుమంటేనే వస్తదా?"

ఆ మాటా మర్చిపోలేదు. చీటీలో ఉన్నదే చేస్తానని నేనూ మొండికేశాను.

ఒకరోజు అడవిలోని నక్సలైట్ అన్నలు బంద్ అన్నారు. బస్సులు ఆగిపోయాయి, రంగుల కార్ఖానా మూతబడింది. చీకటితోనే నూలుకు రంగులేయడానికి వెళ్ళే మా మామ ఆ పొద్దున ఇంట్లోనే ఉన్నాడు. నేను గొట్టం పట్టుకుని బల్బు కింద చూస్తుంటే గడపలో నిలబడ్డాడు. నాతో నేరుగా మాట్లాడడు.

"బల్బు కింద రంగు సూస్తరా ఎవలన్న? గీ పసుపు వెలుతురుల నీలం గూడ ఆకుపచ్చ కొడ్తది. బయటికి తెమ్మను," అన్నాడు అత్తతో.

"నేను గూడ సూసిన. పచ్చగనే ఉంది," అంది అత్త.

"నీ కండ్లకు ఏది పచ్చగ లేదు?"

వాకిట్లో తెల్లారే దాకా ఆగి చూశాను. నీలం. మచ్చలేని నీలం. అక్కర్లేని మందు ఇన్నాళ్ళూ పొడుచుకున్నానని, ఆ వణుకు దానివల్లేనని అర్థమైంది.

మర్నాడు మొదటి బస్సుకే జగిత్యాల పోయాం. డాక్టరమ్మ నన్ను తిట్టి, మందు తగ్గించి, కడుపు మీద చెవి గొట్టం ఆనించి చాలాసేపు విన్నది. "బిడ్డ గుండె మంచిగనే కొట్టుకుంటుంది," అన్నాకే నేను ఊపిరి తీసుకున్నాను.

నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది. "మా ఇంటాయన కన్నే కాపాడింది," అని అత్త వార్డంతా చెప్పింది. నా సూదుల ఊసే లేదు. అవి లెక్కలోకి రావా అని అడుగుదామని నోరు తెరిచాను. అంతలో నర్సు పసిదాని మడమ పొడిచి నెత్తురు చూసి, చక్కెర సరిగ్గానే ఉందంది. నా బిడ్డ వార్డు అదిరేలా ఏడ్చింది. దాన్ని గుండెకు హత్తుకున్నాను. అత్త ఇంకా ఏమేం చెప్పిందో నేను వినలేదు.