పోశమ్మకిచ్చిన కోళ్లు

కొడకండ్ల పక్క పల్లెలో యాకమ్మ అంటే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఆమె జెర్సీ ఆవే. దాని పేరు గౌరి. భర్త ఐలేశ్ పోయాక గౌరి, దాని పెయ్యదూడ తప్ప ఆమెకు వేరే ఆసరా లేదు. యాకమ్మ ఒట్టి మొండిమనిషి. ఒక మాట మనసులో పడిందా, బ్రహ్మదేవుడు దిగొచ్చినా వినదు.

పొద్దున్నే పాలు పితికి, గౌరి చెవుల్లో, పొదుగు మీద పట్టి రక్తం తాగే గోమార్లను పీకి వాకిట్లోకి విసిరేది. పిలిస్తే ఏడు కోళ్లూ ఉరికొచ్చి ఏరుకు తినేవి. కొట్టం గోడ పగుళ్లలో దాక్కున్న వాటినీ వదిలేవి కావు. అదొక పనని యాకమ్మ ఎన్నడూ అనుకోలేదు.

ఆ వానాకాలం గౌరికి జ్వరమొచ్చింది. యాకమ్మ పోశమ్మకు మొక్కి ఒక కోడినిచ్చింది. మర్నాడే ఆవు మేత ముట్టింది. ఇంకేముంది, నమ్మకం కుదిరింది! మళ్లీ జ్వరం, మళ్లీ కోడి. నెలన్నరలో ఆరు కోళ్లు పోయాయి. గోమార్లు మాత్రం కుప్పలుగా పెరిగాయి. చివరికి గౌరి డొక్కలెండి కూలబడింది. యాకమ్మ ఏడుస్తూనే ఏడో కోడినీ కోయించి, అప్పుడు పశువుల దవాఖానకు ఫోన్ చేసింది.

డాక్టర్ కృపాకర్ వచ్చి ఆవు చెవి ఎత్తి చూశాడు.

"గోమార్లతోని వచ్చిన జ్వరమక్కా. ఒంట్ల రక్తం లేదు. ఇన్ని దినాలు ఏం జేసినవ్?"

"మొక్కులు జెల్లించిన సారూ. ఒక్కటి గూడ తప్పలె."

అతను సూది వేసి గోడ వైపు చూశాడు. "గీ పగుళ్ల నిండ గవే ఉన్నయ్. నీకు కోళ్లు లేవా? ఉంటే గింతగనం పెరగకపోవు."

యాకమ్మ తల తిప్పి చూసింది. పొద్దున కోసిన కోడి ఈకలు గడప పక్కన ఇంకా ఊడ్వలేదు.

సాయంత్రానికి గౌరి ప్రాణం పోయింది. "నేనే సంపిన తల్లీ, చేతులార నేనే సంపిన" అని యాకమ్మ దాని మెడ మీద పడి గుండెలు బాదుకుంది.

మర్నాడు పాలు పితికే వేళకే లేచింది. పితకడానికి ఆవు లేదు. తల్లి కోసం అరుస్తున్న దూడ పక్కన కూర్చుని చెవి విప్పి చూస్తే నాలుగు గోమార్లు. పీకి, అలవాటుగా వాకిట్లోకి విసిరి కోళ్లను పిలిచింది. ఇంకోసారి పిలిచింది. తర్వాత వాకిట్లోకి దిగి, పాకిపోతున్న వాటిని వంగి తానే ఏరసాగింది.