ద్వారపాలకుడి ఒక్క వాక్యం

ముందు ఠక్కుమని ఒక చప్పుడు. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ రెండుసార్లు, సిమెంటు గచ్చు మీద ఇనుము. ఆ తరవాత గోడ అవతలి నుంచి ఒక గొంతు: "మహారాజా, మంత్రివర్యులు ద్వారమున వేచియున్నారు." మళ్ళీ ఠక్. మళ్ళీ అదే వాక్యం. ఈసారి నెమ్మదిగా, 'ద్వారమున' అన్నచోట నిజంగానే ఒక తలుపు తెరుచుకున్నంత వెడల్పుగా.

గోడ మీంచి తొంగి చూస్తే తవిటయ్య. లుంగీ, చిల్లుల బనీను, చేతిలో అరంగుళం పైపుకి రేకు ఆకు అతికించిన బల్లెం.

టాటానగర్ బారిడీహ్ క్వార్టర్సులో మాది పక్కిల్లు. తవిటయ్య ఉక్కు కార్ఖానాలో క్రేను కింద నిలబడి డ్రైవరుకి సైగలు చేసే ఖలాసీ. ఆ హోరులో మాట పనికిరాదు. బొటనవేలు ఎత్తితే బరువు లేస్తుంది, పిడికిలి మూస్తే ఆగుతుంది. పదిహేనేళ్ళు చేతులతో మాట్లాడి, ఇంటికొచ్చాక కూడా నోరుందన్న సంగతి మరిచిపోయేవాడు. కూర బాగుంటే బొటనవేలు. అన్నం చాలంటే పిడికిలి. "మా ఇంటాయన బోంచెయ్యడు, లోడింగు సేయింతాడు" అనేది అతని భార్య నూకమ్మ.

ఏటా దసరాలకి మా తెలుగువాళ్ళు వేసే నాటకంలో మాత్రం అతనికి ఆ ఒక్క వాక్యం ఉండేది. దాన్ని ఏడాది పొడుగునా బెల్లం ముక్కలా బుగ్గన పెట్టుకుని తిరిగేవాడు.

డెబ్భై ఎనిమిదిలో ఆ వాక్యానికి బరువు పెరిగింది. నూకమ్మ అక్క భద్రమ్మ టెక్కలి నుంచి వస్తోంది. పెళ్ళిపందిట్లోనే "మూగోడికిచ్చి పిల్ల గొంతు కోసినారు" అన్న మనిషి.

"మైకులో ఆ మాటొకటి ఇనేత్తే సాలు బావూ, మరింక మూగోడనదు" అన్నాడు తవిటయ్య నాతో. నాటకానికి నేను ప్రాంప్టరుని.

ఇంతలో దసరా కమిటీవాళ్ళు కబురు పెట్టారు. తెల్లవార్లూ నాటకమంటే కుదరదు, గ్రౌండు ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకానే, ఆ తరవాత లైట్లు తీసేస్తారు. రాత్రి షిఫ్టువాళ్ళు డ్యూటీకి పోవాలి, పొద్దుటి షిఫ్టువాళ్ళు పడుకోవాలి.

మా డైరెక్టరు గోవిందరావు ఎర్ర పెన్సిలు చెక్కుకుని కూర్చున్నాడు. "ఇది లేకపోతే కథ ఆగుతుందా? అదొక్కటే ప్రశ్న. ఆగనిదంతా ఫాల్తూ."

రాజు వేషం ఆదిబాబుకి పదకొండు పద్యాలు. "పద్యాలు తీసేత్తే నాకు సింహాసనమెందుకు గురూ, మా ఇంట్లో స్టూలుంది" అన్నాడు. బేరమాడి ఆరు మిగుల్చుకున్నాడు. రాణి వేషం వేసే పోలరాజు మీసం గీయించుకుని మరీ వచ్చాడు. "ఏడుపు తీసేత్తారా? మరి నా మీసం ఎవడిత్తాడు?" అతని ఏడుపులో సగం దక్కింది. ఇలా అందరూ పోట్లాడగా పోట్లాడగా ఇంకా అర నిమిషం ఎక్కువగానే ఉంది. పోట్లాడనివాడు ఒక్కడే. గోవిందరావు పెన్సిలు అతని వాక్యం మీద మెత్తగా, నిద్రపోతున్న పిల్లిని దాటినట్టు నడిచింది.

"మంత్రి వచ్చాడని కళ్ళకి కనిపిస్తూనే ఉంటుంది కదా తవిటయ్యా. మళ్ళీ చెప్పడమెందుకు?"

తవిటయ్య గచ్చుకేసి చూశాడు. "బల్లెం కొట్టొచ్చునా?"

"ఒక్కసారి."

మంత్రి వేషం సీతారాముది. టాటానగర్‌లో గూడ్సు గార్డు. ఆ వారమంతా చక్రధర్‌పూర్ లైన్లో తిరుగుతున్నాడు. వాక్యం పోయిందని అతనికి ఎవరూ చెప్పలేదు.

నాటకం మొదలైంది. మూడో రంగంలో శత్రువు దండెత్తి వచ్చాడన్న కబురు మంత్రి తేవాలి. రాజు పద్యం ముగించి కుడివైపు చూశాడు. ఎవరూ రాలేదు. తవిటయ్య బల్లెం ఒక్కసారి కొట్టాడు. అయినా ఎవరూ రాలేదు. కుడివైపు తెర వెనక సీతారాం చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎడమవైపు నుంచి నేను పుస్తకం ఊపాను. సిగ్నలు పడకుండా బండెలా కదులుతుందన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

ఆదిబాబు ఏం చేస్తాడు? అదే పద్యం మళ్ళీ అందుకున్నాడు. జనం ఒన్సుమోర్ అన్నారు. దానితో కొట్టేసిన ఐదు పద్యాలూ ఒక్కొక్కటే, జైలు నుంచి విడుదలైనవాళ్ళలా బయటికొచ్చాయి. అది చూసి పోలరాజు ఆగలేక వచ్చి మిగతా సగం ఏడుపూ ఏడ్చేశాడు. ఎనిమిదింపావు అయింది. యుద్ధం ఇంకా మొదలవలేదు.

తవిటయ్య బల్లెం పట్టుకుని నిలబడ్డాడు. హుకుం లేకుండా సైగ చేసే ఖలాసీ కాదతను.

ముందు వరసలోంచి భద్రమ్మ గొంతు వినిపించింది. "సూసినావేటే నూకీ. నోరు నేదని నానానాడే సెప్పినాను."

నూకమ్మ లేచి నిలబడింది. "ఓలయ్యా, ఆ మంత్రిబాబు తలపాగా తెర ఎనకాల అగుపడతంది. పాపం కాళ్ళు పీకుతుంటాయి, పిలవ్వేటి?"

వెనక నుంచి కుర్రాళ్ళు "బోలో భాయ్, బోలో" అన్నారు.

తవిటయ్య ఎడమవైపుకి, గోవిందరావు కేసి చూశాడు. గోవిందరావు పెన్సిలు కొరుక్కుంటున్నాడు. చివరికి దాన్ని జేబులో పెట్టి బొటనవేలు పైకెత్తాడు.

"మహారాజా!"

క్రేను డ్రైవరుకి వినపడాలన్నంత గట్టిగా వచ్చిందది. మైకు కీచుమంది. తరవాతి మాటలు మాత్రం నెమ్మదిగా, ఒక్కొక్కటీ తన బరువుతో తానే దిగినట్టు వచ్చాయి. మంత్రివర్యులు. ద్వారమున. వేచియున్నారు. జనం చప్పట్లు కొట్టారు. రాజుకి కూడా అన్ని పడలేదు.

సీతారాం దర్జాగా నడిచొచ్చి నోరు తెరిచాడు. ఎనిమిదిన్నర. లైట్లు పోయాయి. ఆ ఏడు మా రాజ్యం మీదికి శత్రువు రాలేదు. దూరంగా కార్ఖానాలో కరిగిన స్లాగు మడ్డి పోస్తున్నట్టున్నారు, ఆకాశం సగం దానిమ్మ పండులా తెరుచుకుంది. ఆ ఎర్రటి వెలుతురులో టిఫిను డబ్బాలు పట్టుకుని జనం డ్యూటీలకి వెళ్ళిపోయారు.

స్టేజీ వెనక తవిటయ్య కొబ్బరినూనెతో రంగు తుడుచుకుంటున్నాడు. ఆ మర్నాటి నుంచి మా షిఫ్టులు వేరయ్యాయి, కొన్నాళ్ళకి నేను వేరే పేట, భాలుబాసాకి మారిపోయాను. మేము మాట్లాడుకున్నది అదే ఆఖరు. భద్రమ్మ ఏమందని అడిగాను.

"ఏటంటాది బావూ. ఒక్క మాటకే రాజ్యమంతా సీకటయిపోనాది, ఇంటికాడ మట్టుకు నోరెత్తకని సెప్పింది."