చివరి వరుసలో తువ్వాలు

మంగళవారం పొద్దున ఇంటర్నల్ పరీక్షకు పేపర్లు పంచుతుండగా మాస్టారి భార్య ఫోన్ చేశారు. "మాస్టారు వెళ్ళిపోయారండి" అన్నారు. నిన్న సాయంత్రం దాకా ఆసుపత్రి మంచం మీద శుక్రవారం బుర్రకథ గురించే అడిగారని చెప్పారు. మిగిలిన పేపర్లు ఎలా పంచానో నాకు గుర్తు లేదు.

పేరుకు ఆయన మా యూనివర్సిటీలో ఎకనామిక్స్ చెప్పేవారు. మనసంతా ఆడిటోరియంలోనే. ముప్పై ఏళ్ళపాటు, తరగతులు నడిచే ప్రతి శుక్రవారం సాయంత్రం ఐదింటికి అక్కడ ఏదో ఒకటి జరిపించారు. హరికథ, తోలుబొమ్మలాట, కోలాటం, ఏదీ కుదరకపోతే పిల్లల చేత నాటకం. గోదావరికి వరదొచ్చి సగం రాజమండ్రి గట్టు మీదికి చూడ్డానికి పోయిన వారం కూడా ఆపలేదు. ఆ రోజు హాల్లో పట్టుమని పదిమంది లేరు. "వాయిదా అనేది రద్దుకి ముద్దుపేరండి" అనేవారు.

నేను టైంటేబుల్ కమిటీ మనిషిని. హాలు ఖాళీగా కనిపిస్తే ఇంకో పరీక్ష పెట్టుకోవచ్చనుకునే రకం. ఆ హాలు కోసం ఆయనతో పోట్లాడని సెమిస్టర్ లేదు, గెలిచిన సెమిస్టరూ లేదు. ఆయన గొంతు పెంచేవారు కారు. కాఫీ తెప్పించి, నేను చెప్పేదంతా ఓపిగ్గా విని, పరీక్ష శనివారం పెట్టుకోమనేవారు. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేంటి, కొన్నిసార్లు ఆ కాఫీ కోసమే పోట్లాటకు వెళ్ళాను.

ఆయనకు రెండు పద్ధతులుండేవి. ఎంత పెద్ద అతిథి వచ్చినా ఉపన్యాసం కళాకారుల తర్వాతే. కథ పూర్తిగా విన్నాక చాలామంది అతిథులు రెండు ముక్కలతో ముగించేవారు. అదే ఆయనకు కావలసింది. రెండోది, ఆయనెప్పుడూ ముందు వరుసలో కూర్చోలేదు. చివరి వరుసలో, తలుపు పక్క సీటు ఆయనది. స్టేజి మీది గొంతు అక్కడికి అందకపోతే భుజం మీది తెల్ల తువ్వాలు పైకెత్తేవారు. అందగానే దించేవారు. ముందున్నవాళ్ళు ఎలాగూ వింటారని, తలుపు పక్కన కూర్చున్నవాడు లేచిపోకుండా చూసుకోవాలని ఆయన లెక్క.

నేను చేరిన కొత్తలో ఒకసారి నా చేత స్వాగతం చెప్పించారు. రెండు నిమిషాలకే తువ్వాలు లేచింది. మెచ్చుకుంటున్నారు కాబోలనుకుని మాట ఆపి వినయంగా నమస్కారం పెట్టాను. తువ్వాలు ఇంకా పైకి లేచింది. ఇంకోసారి పెట్టాను. హాలంతా నవ్వింది. ఎందుకో మర్నాడు కాఫీ దగ్గర తెలిసింది.

కిందటేడు రిటైరవుతూ ఆ శుక్రవారాలు నాకు అప్పగించారు. నేనేంటి, ఇదేంటి అన్నాను. "హాలు కోసం పోట్లాడ్డం మీకు బాగా వచ్చండి. ఇకనుంచి ఇటువైపు నిలబడి పోట్లాడండి" అన్నారు. రిటైరయ్యాక కూడా వారం వారం వచ్చి ఆ సీట్లోనే కూర్చునేవారు. నా ధైర్యమంతా ఆ సీటే.

మంగళవారం మధ్యాహ్నం పైవాళ్ళు సంతాపంగా శుక్రవారం కార్యక్రమం రద్దు చేద్దామన్నారు. నాకూ అదే సబబనిపించింది. రావద్దని చెప్పడానికి ఆ బుర్రకథ చెప్పే ఆవిడకు ఫోన్ చేశాను. ఆవిడది మొగల్తూరు దగ్గర సముద్రం మీద వేటకెళ్ళే కుటుంబం. చేపల బజారంతా వినబడే గొంతు. అయినా ఇరవై ఏళ్ళ కిందట మా స్టేజి మీద మొదటిసారి నిలబడ్డప్పుడు ఆవిడకు మాట పెగల్లేదట. అప్పుడు లేచిన తువ్వాలు చూసి గొంతెత్తానని ఎప్పుడూ చెప్పుకునేది.

నేను చెప్పిందంతా వింది. తర్వాత అంది: "ఆపమంటే ఆపేత్తామండి. మాస్టారి పేరు చెప్పి మాత్రం ఆపకండి. ఆయనెప్పుడూ ఆపలేదు కదండీ."

నాకు తల కొట్టేసినట్టయింది. వెళ్ళి పైవాళ్ళతో పోట్లాడాను, ఈసారి ఇటువైపు నిలబడి. గెలిచాను.

శుక్రవారం మధ్యాహ్నం మాస్టారింటికి వెళ్తే, ఆయన భార్య ఉతికి మడతపెట్టిన తువ్వాలు నా చేతిలో పెట్టారు. "ఇది ఆ సీటుదేనండి, ఇంట్లో ఎందుకు?" అన్నారు.

ఐదింటికి హాలు నిండింది. తలుపు పక్క సీట్లో ఎవరూ కూర్చోలేదు. తువ్వాలు అక్కడ పెట్టి నిలబడదామనుకున్నాను. ఆ సీట్లో వినేవాడు లేకపోతే మాస్టారు ఒప్పుకోరనిపించి, తీసి ఒళ్ళో పెట్టుకుని నేనే కూర్చున్నాను.

తంబురా మోగింది. ఆవిడ మొదలుపెట్టింది. నాలుగు మాటలు బాగానే వచ్చాయి. అయిదో మాట దగ్గర మాస్టారి పేరు తలచుకోబోయి గొంతు పూడుకుపోయింది. వెనక తందాన పలకాల్సిన ఇద్దరూ తలలు దించుకున్నారు. ఆవిడ ఏదో అంటూనే ఉంది, మా వరుసకు ఒక్క ముక్క అందడం లేదు. తలుపు దగ్గరి కుర్రాళ్ళు లేవబోతున్నారు.

నా చెయ్యి దానంతటదే లేచింది. తువ్వాలు పైకెత్తాను.

ఆవిడ చూసింది. చీర చెంగుతో కళ్ళు తుడుచుకుంది. తంబురా సవరించుకుని, మొదటి మాట నుంచి మళ్ళీ ఎత్తుకుంది. ఈసారి ఆ గొంతు నా నెత్తిమీదుగా తలుపు దాటి బయట వరండా దాకా వెళ్ళింది.

తువ్వాలు దించి భుజం మీద వేసుకున్నాను.