డ్రైవరు దొంగ కాని పుస్తకం

మనామా పక్కనుండే జిదాఫ్స్‌లో కమరున్నిసా నడిపే పాత సామాన్ల దుకాణంలో, ఎవరో వదిలేసిపోయిన ట్రెడ్‌మిల్లుకీ పిల్లల మంచానికీ మధ్య ఇరుక్కుని నిలబడి, లోవమ్మ పుస్తకాల ఆఖరి పేజీలు చదువుతోంది. దేశం వదిలి వెళ్లే ఇంగ్లీషు కుటుంబాలు అమ్మేసిన సామాన్లతో పాటు పిల్లల పుస్తకాలు కూడా అట్టపెట్టెల్లో అక్కడికే వస్తాయి. ఒకదాంట్లో దొంగ వంటమనిషి. ఇంకోదాంట్లో తోటమాలి. మూడోదాని అట్ట మీద వాన, గుట్ట మీద బంగళా, ఒక్క కిటికీలో దీపం. ముచ్చటగా ఉంది. వెనకనుంచి తెరిచింది. డ్రైవరు.

"అబ్బ!" అంది పైకే.

"ఏందే, తేలు కుట్టినట్టు గట్ల ఎగిరినవ్?" గల్లాపెట్టె వెనకనుంచి కమరున్నిసా తల ఎత్తింది. ఆమెది కరీంనగర్. మాట గట్టిది, మనసు మెత్తన. "ఆఖరి పేజీ ముందుగాల చదివితే ఇంక మజా ఏముంటది? బిర్యానీల ముక్కలన్నీ ఏరుకొని తిని అన్నం ఇడ్సిపెట్టే రకం నువ్వు."

"పిల్లలకి చదివి వినిపించేది కదక్కా. ముందు నేను చూసుకోవాలిగా."

"నెత్తురుంటదా అందుల?"

"నెత్తురుంటే ఇంకా బాగా వింటాది మా చిన్నది." లోవమ్మ పుస్తకం మూసింది. "ఈ రాసేవాళ్లకి పనోళ్లు తప్ప దొంగలే దొరకరా అక్కా?"

"సేటు చేస్తే దాన్ని దొంగతనమంటరా పిచ్చిదానా? బిజినెస్ అంటరు."

లోవమ్మ నవ్వింది గానీ నవ్వు కాస్త ఆలస్యంగా వచ్చింది. ఈవిడకి సంగతి తెలిసిపోయిందా? జిదాఫ్స్‌కీ తాముండే నయీమ్‌కీ మధ్య మాట చేరడానికి బస్సు అక్కర్లేదు. తెలిస్తే ఈ మాట అనదు. ఏమో, తెలిసే అందేమో.

సంగతి ఇది. లోవమ్మ మొగుడు వీరబాబు ఒక పెద్దింటి డ్రైవరు. ఆ ఇంటి ముసలావిడకి పెళ్లినాటి ముత్యాల దండ ఉంది. సముద్రంలో మునిగి తీసిన అసలు ముత్యాలు. దారం వదులైందని మనామా సూక్ బజారులో మళ్లీ గుచ్చడానికి ఇచ్చారు. పని అయ్యాక తెమ్మని వీరబాబుని పంపారు. తెచ్చాడు. ఇంటికి చేరేసరికి డ్యాష్‌బోర్డు అరలో పెట్టిన వెల్వెట్ సంచి లేదు. ఎవరూ అరవలేదు, తిట్టలేదు. "నేను పిలిచేదాకా ఇంట్లో ఉండు" అని ఆ ఇంటి యజమాని, వీరబాబు కఫీల్, కారు తాళంచెవి తీసుకున్నాడు. వీసా ఇచ్చిందీ ఆయనే, తీసేసేదీ ఆయనే. పోలీసు కేసంటూ పెడితే ఇంటిల్లిపాదీ మూట కట్టుకోవాల్సిందే. పెట్టలేదు. పెట్టననీ అనలేదు. పిల్లలకి మాత్రం నాన్నకి లీవు అని చెప్పారు.

ఆ బంగళా పుస్తకమే తీసుకుంది లోవమ్మ. మిగతావాటి కంటే కథ గట్టిగా ఉంది. దొంగ సంగతంటావా, నోటితో మార్చేస్తే పోలా అనుకుంది. సంచీలో పెడుతుంటే కమరున్నిసా ఇంకో పుస్తకం విసిరేసింది. "ఇది ఊరికే తీస్కపో. షర్తు ఒక్కటే, ఎన్కనుంచి తెరువొద్దు."

ఇంటి చదువు అనగానే కొందరు అదేదో తపస్సన్నట్టు మాట్లాడతారు. లోవమ్మ చేసిన తపస్సు ఏమీ లేదు. పెద్దది మల్లికకి బడిలో సీటు దొరకని ఏడు తనే కూర్చోబెట్టి చెప్పింది. తర్వాత సీటు దొరికినా పంపలేదు, తునిలో ప్రైవేటు బడిలో టీచరుగా చేసిన నోరు అప్పటికే రుచి మరిగింది. చిన్నది రమని బడికి పంపనేలేదు. మొదట్లో అందరూ చెప్పినట్టే నీతికథలు చదివింది. రమ నిద్రపోయేది. మల్లిక నిద్రపోకుండా, "నక్కకి బుద్ధొచ్చింది కదా, ఇంక అన్నం పెట్టు" అనేది. మంచి పుస్తకాలు మంచి మనుషుల్ని తయారు చేస్తాయా లేదా అన్నది తీరికున్నవాళ్ల చర్చ. పదకొండేళ్ల పిల్లని భిన్నాల లెక్కలకి కూర్చోబెట్టాలంటే మాత్రం, మెట్ల మీద ఎవరిదో అడుగుల చప్పుడు వినపడే చోట పుస్తకం టప్పున మూసెయ్యాలి. లెక్కలయ్యాకే మిగతాది. అపరాధ పరిశోధనకి మించిన లెక్కల మాస్టారు లోవమ్మకి దొరకలేదు.

అందుకని ఎంచడంలో ఆమెకి కొన్ని పట్టింపులు ఏర్పడ్డాయి. రమ వేళ్ల మీద గుర్తుపెట్టుకోగలిగినంతమందే మనుషులుండాలి. ఆధారాలన్నీ వినేవాళ్ల కళ్లముందే పడాలి. చివర్లో ఎక్కణ్ణుంచో కవల తమ్ముడు ఊడిపడితే ఆ పుస్తకం మళ్లీ పెట్టెలోకే. అది చూసుకోవడానికే వెనకనుంచి తెరవడం. ఈమధ్య ఇంకొకటి కలిసింది: దొంగ ఏ పని చేసుకుని బతికేవాడు?

చదివే పద్ధతీ ఆమెదే. కళ్లు ఇంగ్లీషు మీద, నోట్లో తెలుగు. తుని తెలుగు. ఇంగ్లండు దొరలు కూడా లోవమ్మ నోట్లో "అదేటండీ బాబూ" అంటారు. పుస్తకంలో ఏముందో ఆమెకి తప్ప ఇంకెవరికీ తెలీదు. తెలీదనే ఆమె ధీమా.

భోజనాలయ్యాక ఎండ మండే వేళ మొదలైంది కథ. ఒకటే గది, మధ్యన పాత చీర తెర. తెర అవతల మంచం మీద వీరబాబు ఫోను గుండెల మీద పెట్టుకుని పడుకున్నాడు. ఇవతల చాప మీద పిల్లలు. బంగళాలోంచి వెండి గుర్రం బొమ్మ పోయింది. రిటైరైన పోస్టుమాస్టరమ్మ ఒకావిడ ఆరా తీస్తోంది. లోవమ్మ నేరాన్ని డ్రైవరు మీంచి ఎత్తి ప్లీడరు నెత్తిన పెట్టాలని ముందే ఖాయం చేసుకుంది. కానీ దొంగని మార్చడమంటే ఒక్క పేరు మార్చడం కాదని రెండోనాటికే తెలిసొచ్చింది. బురద టైరుని బురద బూటు చెయ్యాలి. గరాజు తలుపుని బీరువా తలుపు చెయ్యాలి. ఒక్కటి జారినా మల్లిక పట్టేస్తుంది.

ఒకటి జారింది.

"ప్లీడరుగారి చేతి తొడుక్కి పెట్రోలు వాసనెందుకొచ్చిందమ్మా?"

"ఆయనకి... మోటారుసైకిలుంది."

"ఇప్పటిదాకా చెప్పలేదే?"

"ఇప్పుడు చెప్తన్నాగా."

"రాసినాయన చెప్పలేదా, నువ్వు చెప్పలేదా?"

తెర అవతల మంచం కిర్రుమంది. లోవమ్మ పుస్తకం మూసేసింది. "లెక్కలు తియ్యండి."

మర్నాడు లోవమ్మ పెరుగు కోసం కిందనున్న కోల్డ్ స్టోర్ కిరాణా కొట్టుకి వెళ్లి వచ్చేసరికి మల్లిక చాప మీద బోర్లా పడుకుని ఉంది. ముందు పుస్తకం తెరిచి ఉంది. వేలు ఆఖరి అధ్యాయం మీద ఉంది.

"ఎవరు తియ్యమన్నారే దాన్ని?"

"నువ్వే. రోజూ ఇంగ్లీషు చదవమంటావుగా." మల్లిక లేచి కూర్చుంది. "దొంగ డ్రైవరు. పాపం ప్లీడరుకి మోటారుసైకిలే లేదు."

లోవమ్మ పెరుగు డబ్బా గట్టు మీద పెట్టింది. "తెలుగులో బాగుంటుందని మార్చాన్లే."

"నాన్నకి లీవు కాదు కదా?" మల్లిక గొంతు తగ్గించింది. "లీవైతే తాళంచెవి కొక్కేనికుండేది. ఫోను మోగితే చాలు, నువ్వు నాన్న మొహం చూస్తున్నావు. మొన్న ఆ ఇంట్లో ముత్యాలేవో పోయాయని మీరిద్దరూ అనుకున్నారు. నేను నిద్రపోలేదు."

"నోర్ముయ్. నాన్న వింటారు."

"నువ్వు డ్రైవర్ని ఎందుకు దాచావు? నాన్నే తీశాడనుకుంటున్నావు. అందుకే."

లోవమ్మ చెయ్యి లేచింది.

"అమ్మ కొడితే నిజమన్నట్టా అక్కా?" అని అడిగింది రమ, ఎంతో శ్రద్ధగా.

చెయ్యి గాల్లో ఆగి, కిందకి దిగింది. "నేనలా అనుకోట్లేదే మల్లీ. నీ మీద ఒట్టు."

"మరి అడిగావా?"

"ఏవడగాలి?"

"తీశావా అని. పోస్టుమాస్టరమ్మ అందర్నీ అడిగింది. మంచోళ్లని కూడా అడిగింది. అడిగాకే కదా మంచోళ్లని తెలిసింది?"

లోవమ్మ అడగలేదు. తాళంచెవి లేకుండా ఆయన ఇంటికొచ్చిన సాయంత్రం నుంచి ఒక్క ప్రశ్న వెయ్యలేదు. హమూర్ చేప పులుసు వండింది. దేవుడున్నాడంది. కంచంలో అన్నం మిగిలితే చూడనట్టు తీసేసింది. దీనికంతటికీ నమ్మకమని పేరు పెట్టుకుంది. నమ్మినవాళ్లకి అడగడానికి భయమెందుకు? జవాబు "ఊఁ" అయితే ఏం చెయ్యాలో తెలీకే కదా ఇన్నాళ్లూ పులుసులు కాస్తోంది!

తెర పక్కకి జరిగింది. వీరబాబు వచ్చి చాప మీద పిల్లల మధ్య కూర్చున్నాడు. గెడ్డం మాసి ఉంది. ఫోను ఇంకా చేతిలోనే ఉంది.

"చదువు లోవా," అన్నాడు. "ఉన్నది ఉన్నట్టు."

"ఇప్పుడెందుకండీ..."

"చదవమన్నానా."

చదివింది. వానలో కారు వెనక సీటు కింద వెండి గుర్రం దొరకడం, పోస్టుమాస్టరమ్మ తొడుగు వాసన చూపించడం, డ్రైవరు టోపీ తీసి తల దించుకోవడం, నేనే తీశానమ్మగారూ అనడం. ఆ మాట కూడా మార్చకుండా చదివింది. రమ తండ్రి చొక్కా గుండీ పట్టుకుని తిప్పుతోంది. మల్లిక పుస్తకం వంక చూడకుండా ఆయన మొహం వంకే చూస్తోంది.

అయిపోయింది.

లోవమ్మ పుస్తకం ఒళ్లో పెట్టుకుంది. పిల్లల ముందు అడక్కూడదనిపించింది. పిల్లల ముందు కాకపోతే ఇంకెప్పుడూ అడగలేననీ అనిపించింది.

"ఏవండీ. ఆ ముత్యాలు మీరు తీశారా?"

"లేదు లోవా." ఆ మాట కోసమే కాచుకుని ఉన్నట్టు వెంటనే వచ్చింది జవాబు.

లోవమ్మ అక్కడ ఆగలేదు. "సంచి అరలో పెట్టాక కారు వదిలి ఎక్కడికైనా వెళ్లారా?"

వీరబాబు ఫోను బోర్లా పెట్టాడు.

"దారిలో, సీఫ్‌లో మాల్ దగ్గర చిన్నబాబు ఎక్కాడు. సారు ఆఖరి కొడుకు. ఒక్క రౌండేసొస్తా భాయ్, నువ్వు టీ తాగు అన్నాడు. ఇచ్చాను. లైసెన్సు లేదు వాడికి. ముట్టుకోనివ్వద్దని సారు మరీమరీ చెప్పాడు. తిరిగొచ్చాక బాబాకి చెప్పొద్దు భాయ్ అని చేతులు పట్టుకున్నాడు."

"ఇంత జరిగితే నోరెత్తలేదా మీరు!"

"ఎవరడిగారు? అక్కడ ఇంట్లో ఉండమన్నారు. ఇక్కడ పులుసు పోశారు."

ఆ దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. కానీ లోవమ్మ అప్పటికే లేచి నిలబడింది. "అయితే ఆ కుర్రాడే! పదండి, ఫోను చెయ్యండి. మీ అబ్బాయే తీశాడని..."

"చూశావా? ప్లీడరు మీదకి నెట్టినట్టే నెట్టేశావు." వీరబాబు నవ్వలేదు. "అది పుస్తకం కాబట్టి చెల్లింది. వాడు తీశాడో లేదో నాకు తెలీదు. ఎవడికైనా లిఫ్టిచ్చాడేమో, ఎక్కడైనా తలుపు తెరిచి వదిలేశాడేమో. కాసేపు కారు నా చేతిలో లేదు. నాకు తెలిసింది అంతే."

"ఆ అంతే చెప్పండి."

"చెప్తే ఉద్యోగం పోద్ది. లైసెన్సు లేనోడికి కారిచ్చినందుకు."

"చెప్పకపోతే?"

ఆయన కంటే ముందు మల్లిక పలికింది. "చెప్పకపోతే ఈ పుస్తకంలో డ్రైవరువే నాన్నా."

వీరబాబు లేచి గెడ్డం గీసుకున్నాడు. డ్యూటీకి వేసుకునే తెల్లచొక్కాకి లోవమ్మ ఇస్త్రీ చేసింది. వద్దనలేదు, ధైర్యం చెప్పలేదు. పిలిచేదాకా రావద్దన్న ఇంటికి, పిలవకుండానే, బస్సెక్కడానికి వెళ్లాడు. గుమ్మం దగ్గర మల్లిక అడిగింది: "సంచి అరలో పెట్టినప్పుడు అర మూత పడిందా నాన్నా?"

"పడింది. చప్పుడు విన్నాను."

"అది కూడా చెప్పు."

తర్వాత గది మరీ ఇరుకైపోయింది. ఫోను గట్టు మీద పెడితే గట్టు వంకే చూపు పోతోంది. రమ వెళ్లి సంచీలోంచి కమరున్నిసా ఊరికే ఇచ్చిన పుస్తకం తెచ్చి ఒళ్లో పడేసింది.

"ఇందులో దొంగెవరో నీకు తెలుసా అమ్మా?"

"తెలీదే."

"నిజంగా?"

"నిజంగా. వెనక తెరవలేదు." తెరవాలని వేళ్లు లాగుతున్నాయి. తీరం, లైట్‌హౌసు, అందులో ఒక వంటావిడ. మొదటి పేజీలోనే వంటావిడ.

మల్లిక వచ్చి పక్కన ఆనుకుని కూర్చుంది. ఇంగ్లీషు వాక్యం కింద వేలు పెట్టింది. "నువ్వు చెప్పు. నేను చూస్తుంటాను."

ఆ వేలు వెంట తెలుగు నడిచింది. ఎక్కడైనా నోరు పక్కకి తిరగబోతే వేలు అక్కడే ఆగిపోయి, కదలనంటోంది. మూడో అధ్యాయంలో తలుపు దానంతటదే తెరుచుకుంటుండగా ఫోను మోగింది.

"లోవా." వీరబాబు గొంతు గుసగుసగా ఉంది. వెనక ఎవరో అరబ్బీలో గట్టిగా మాట్లాడుతున్నారు. "అడిగారు. కూర్చోబెట్టి అడిగారు. అంతా చెప్పాను."

"ఏవన్నారు?"

"ఏవీ అనలేదు. చిన్నబాబుని కిందకి పిలిపిస్తున్నారు. నన్ను ఇక్కడే ఉండమన్నారు."

"ఇక్కడే అంటే? ఎక్కడున్నారు మీరు?"

"లోపల. హాల్లో, కుర్చీలో. టీ ఇచ్చారు." ఎవరో మెట్లు దిగుతున్న చప్పుడు ఫోన్లో వినిపించింది. "వస్తన్నాడు. పెట్టేస్తాను."

లోవమ్మ ఫోను పక్కన పెట్టింది. పిల్లలిద్దరూ నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. ఇలాంటి చోటే పుస్తకం మూసి లెక్కలు తియ్యమనడం ఆమెకి అలవాటు.

మూయలేదు. మల్లిక వేలు ఎక్కడుందో వెతుక్కుని, అక్కణ్ణుంచి అందుకుంది.