కెప్టెన్ పెట్టిన టిష్యూ ప్యాకెట్

నాకు అక్షరాలు వచ్చింది అరవై దాటాక. ఈ పరాయి దేశంలో, బిషాన్‌లోని కొడుకు ఫ్లాట్‌లో కోడలు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది. ఆ సంగతి మా ఆదివారం బల్లకి తెలియదు. తిండి దుకాణాలన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్‌లో ఐదుగురు తెలుగు ముసలివాళ్ళం చేరి, పాత ఓడ కెప్టెన్ రాసిన యాత్రల పుస్తకం తెలుగులో వంతులవారీగా చదువుకుంటాం. నా వంతు రాగానే కళ్ళజోడు మరిచిపోయాననేదాన్ని. నాలుగు వారాలు అదే అబద్ధం.

ఐదో వారం రిటైర్డ్ హెడ్మాస్టరుగారు ఒక జోడు కొనుక్కొచ్చి నా ముందు పెట్టారు. పెట్టుకుంటే అక్షరాలు ఈదాయి. విధిలేక సంచిలోంచి నా జోడే తీశాను. అందరూ చూశారు. ఇప్పుడు చదవలేకపోతే మళ్ళీ ఏ మొహంతో ఆ బల్ల దగ్గరికి రావాలి?

వేలు పెట్టి మొదలుపెట్టాను. కెప్టెన్ ఒడ్డుకు దిగి, తన రాజు పేరున్న కొయ్య పాతి, ఈ నేల మాదని చెప్పి ఓడెక్కాడు. అక్కడి జనం వలలు ఆరేసుకుంటూ చూస్తున్నారట. నాకు నవ్వు తన్నుకొచ్చింది. ఆపుదామంటే ఆగదు.

"రాకపోతే ఇటివ్వండమ్మా" అని హెడ్మాస్టరుగారు చెయ్యి చాపారు.

"రాక కాదండీ. ఈ కెప్టెన్ టిష్యూ ప్యాకెట్ పెట్టెళ్ళాడు."

ఇక్కడ బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి తిండికి వెళితే ఆ చోటు వాళ్ళదే. దాన్నే చోప్ అంటారు. వచ్చిన కొత్తలో నేను ఎవరో మరిచిపోయారనుకుని, ఆ టిష్యూలతో మూతి తుడుచుకుని, అక్కడే ఇడ్లీ తిన్నాను. ఓ చైనా ఆంటీ ట్రేతో వచ్చి నెత్తిమీద నిలబడింది. ఆమె తిట్లలో ఒక్కటీ అర్థం కాలేదు, అన్నీ తగిలాయి. అయినా జనం ఖాళీ బల్ల మీద పెడతారు గానీ, పదిమంది తింటున్న బల్ల మీద పెట్టినవాణ్ణి ఈ పుస్తకంలోనే చూశాను.

"గా దొర ఊరు ఊరంతా చోప్ చేసిండా?" అంది పక్కనున్న హైదరాబాదు ఆంటీ. ఆవిడకు టీ ముక్కులోకి పోయింది. హెడ్మాస్టరుగారి భుజాలు కూడా ఊగాయి గానీ, ఆయన వదల్లేదు.

"నవ్వు సరే. పేజీ ఇంకా సగముంది."

చదివాను. ఒత్తుల దగ్గర రెండుసార్లు బండి ఆగింది. ఎవరూ అందించలేదు, నేనే లాగాను. చివరి చుక్క దాకా వెళ్ళాను.

హెడ్మాస్టరుగారు టీకి లేచారు. నేను సంచిలోంచి టిష్యూ ప్యాకెట్ తీసి పుస్తకం మీద పెట్టాను. తిరిగొచ్చి, "ఇదేంటమ్మా?" అన్నారు.

"వచ్చే వారం పేజీ కూడా నాదే."

ఆయన ప్యాకెట్ జోలికి పోకుండా, నాకు తెచ్చిన టీ పక్కన పెట్టారు.