కదిరి బండిలో మా అత్త

పోయిన వారం షెడ్డులో మెకానిక్కు నా బండి ఎడమవైపు సీటు ఊడదీసి, స్ప్రింగులన్నీ కుంగిపోయి ఉండడం చూపిస్తూ, "ఏమన్నా, ఈడ బియ్యం మూట పెట్టుకొని తిరుగుతాండావా?" అని అడిగాడు. మూట కాదప్పా, మా అత్త అని చెప్పాను. అతను నవ్వి పనిలో పడ్డాడు గానీ, నేను మాత్రం అక్కడే స్టూలు మీద కూర్చుని, ఆ సీటులో మూడేళ్ళపాటు సాగిన గురువారాలన్నీ తలుచుకుంటూ ఉండిపోయాను.

హోటళ్ళకు సరుకులు వేసే చిన్న లారీ నాది. అనంతపురంలో నూనె డబ్బాలు, మైదా, శనగపిండి, ఉల్లిపాయలు, బొరుగుల మూటలు ఎక్కించుకుని, బత్తలపల్లి, ముదిగుబ్బ మీదుగా కదిరి దాకా దింపుకుంటూ పోవడం నా పని. అప్పట్లో మా అత్త మాతోనే ఉండేది. ఆమె చిన్నకూతురిని కదిరిలో ఇచ్చారు. ఆ పిల్లను చూడ్డానికని ప్రతి గురువారం నా బండిలోనే బయలుదేరేది. బస్సెక్కితే అత్తకు వాంతులు; నా బండిలో ఎంత కుదిపినా ఏమీ అయ్యేది కాదు. టిక్కెట్టు లేదన్న సంగతి కడుపుకు కూడా తెలిసేదేమో. పైగా ఆమె నాకు పిల్లనిచ్చిన అత్తే కాదు, సొంత మేనత్త కూడా. అల్లుడి ముందు కొంగు కప్పుకుని మెల్లగా మాట్లాడే మనిషి కాదు. బండెక్కింది మొదలు నా డ్రైవింగు, దారి పొడుగునా వాడిపోయిన చెనిక్కాయ చేలు, వాన కోసం చూడకుండా విత్తినవాళ్ళ తొందర, చూస్తూ కూర్చున్నవాళ్ళ సోమరితనం, అన్నింటి మీదా తీర్పు చెప్పుకుంటూ వచ్చేది.

నా సరుకులో సగం దిగేది కదిరిలో ఒకే హోటలుకు. ఆ హోటలాయన్ను నేను అన్నా అని పిలిచేవాణ్ణి. వంటమాస్టరు చిక్కబళ్ళాపురం వైపువాడు. పదిహేనేళ్ళుగా ఆ పొయ్యి ముందు నిలబడినవాడు, ఎవరితోనూ పెద్దగా మాట్లాడేవాడు కాదు. ఒక గురువారం ఉదయం నేను నూనె డబ్బాలు దింపుతుండగా, అత్త మంచినీళ్ళకని వంటింట్లోకి పోయింది. నీళ్ళు తాగి ఊరుకోక, గంగాళంలోని చెనిక్కాయల చెట్నీ వేలితో నాకి చూసింది. తర్వాత, కోపమేమీ లేకుండా, ఊళ్ళో సంగతులు అడిగినట్టే అడిగింది.

"ఏమప్పా, చెనిక్కాయలు వేయించినావా, లేకుంటే ఊరికే ఎండకు చూపించినావా?"

మాస్టరు భుజం మీది తువ్వాలు తీసి, నేను అప్పుడే దింపిన నూనె డబ్బా మీద మడత పెట్టి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

ఇంకో గంటన్నరకు రెండు బస్సుల పెళ్ళివాళ్ళు టిఫినుకు దిగాలి. ఇడ్లీ, వడ, పూరీ అని హోటలన్న మాటిచ్చి ఉన్నాడు. ఆయన నా దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పాడు. "తరిమింది మీ అత్త. చేసి పెట్టాల్సింది గూడా మీ అత్తే. లేదంటే రేపట్నుంచి నీ బండి ఈడికి రాబళ్ళేదు." ఆ హోటలు పోతే కదిరి దారిలో నాకు డీజిలు కూడా గిట్టదు. అత్త మాత్రం కొంగు నడుముకు దోపుకుని, పూరీలు వొత్తేంత ఓపిక తనకు లేదనీ, బండిలో మిగిలిన బొరుగుల మూటలు దింపమనీ చెప్పింది. అవి బస్టాండు అంగళ్ళవాళ్ళవి అన్నాను. వాళ్ళకు మధ్యాన్నం ఆకలవుతుందిలే, మిగిలింది పొట్లం కట్టి ఇద్దాం అంది.

అలా ఆరోజు టిఫిను బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ అని తేలిపోయింది. ఇంట్లో పొయ్యి ఎక్కడుందో సరిగా తెలియని నేను మోచేతుల దాకా నీళ్ళలో ముంచి బొరుగులు పిండాను. హోటలన్న ఉల్లిపాయలు తరుగుతూ ఏడ్చాడు; అందులో ఎంత ఉల్లిపాయదో ఎంత సొంతదో చెప్పలేను. తిరగమోత చిటపటలాడి, పచ్చిమిర్చి ఘాటు వీధి మొత్తం పట్టింది. పెళ్ళివాళ్ళు దిగారు. పెళ్ళికొడుకు చిన్నాయన ప్లేటు చూసి, పూరీ అన్నారు కదా అని నిలదీశాడు. అత్త వంటింటి గడపలోంచే, పూరీ తింటే తాళి కట్టేటప్పటికి కునుకొస్తుందని చెప్పి పంపింది. ఆయన మూడు ప్లేట్లు తిన్నాడు.

బజ్జీల దగ్గర నేను నూనె సరిగా కాగకముందే పిండి వేస్తున్నాను. వెనకనుంచి ఎవరో నా చేతిలోని జల్లిగరిటె లాక్కున్నారు. మాస్టరు. ఎదురు టీ అంగట్లోనే కూర్చుని, ఎప్పుడు పిలుస్తారా అని చూస్తున్నాడట. ఎవరూ పిలవలేదు, పైగా వాసన వస్తోంది. అత్త ఒక్క అడుగు పక్కకు జరిగి చోటిచ్చింది. ఆ తర్వాత ఇద్దరూ ఒక్క మాటైనా లేకుండా, ఏళ్ళ తరబడి కలిసి వండినవాళ్ళలా రెండు బస్సులనూ సాగనంపారు. బస్సులు కదిలాక మాస్టరు హోటలన్నకు ఒకటే షరతు పెట్టాడు: ఈమె ఇంక వంటింట్లోకి రాకూడదు. తనకేం పనని అత్త కూడా ఒప్పుకుంది. నేను మిగిలిన ఉగ్గాని పొట్లాలు పట్టుకుని బస్టాండు అంగళ్ళవాళ్ళను బతిమాలడానికి పోయాను.

మరుసటి గురువారం అత్త బండి దిగలేదు. నేను మూటలు మోస్తూ చూస్తే, మాస్టరు గిన్నెలో చెట్నీ తెచ్చి కిటికీలోంచి అందించి, నా టైరులో గాలి చూస్తున్నట్టు నిలబడి ఉన్నాడు. అత్త నాకి చూసి, "ఇంగ రొంత వేయించాల" అంది. అతను గిన్నె తీసుకుని లోపలికి పోయాడు. ఆ తర్వాత ప్రతి గురువారం ఇదే వరస. ఉప్పు ఎక్కువ, చింతపండు తక్కువ, రుబ్బింది మెత్తగా అయింది. ఏడాది దాటాక ఒకరోజు ఆమె గిన్నె ఖాళీ చేసి ఊరుకుంది. మాస్టరు చాలాసేపు చూసి, ఆగలేక అడిగాడు.

"ఏమ్మా, ఏం చెప్పకుండా ఉండావే?"

"తిన్న్యా కదప్పా. ఇంగేం చెప్పల్ల?"

అతను లోపలికి పోయి, హోటలన్న వద్దంటున్నా వినకుండా నాకు రెండు దోసెలు ఊరికే వేసి ఇచ్చాడు.

పోయినేడు మోకాళ్ళు పట్టేసి, బండి మెట్టు ఎక్కలేక, అత్త కదిరిలో కూతురి దగ్గరే ఉండిపోయింది. మాస్టరు ఇప్పుడు గిన్నె సైకిలుకు తగిలించుకుని ఆ ఇంటికే పోతున్నాడట. నేను దారంతా మాటా పలుకూ లేకుండా నడుపుకుంటూ పోతున్నాను. ఆ గురువారాలన్నీ తొందరగా దింపేసి ఇల్లు చేరాలనే ఆత్రంతోనే గడిపాను. అవి ఇన్నే ఉన్నాయని తెలిసుంటే, ఇంకాస్త నిదానంగా దింపేవాణ్ణి.