చుక్కలు తేల్చని మాట

హీబ్రూ మాస్టారిని కాలేజీలో అందరూ చుక్కల మాస్టారనేవారు. ఆ భాషలో అచ్చులు చుక్కలై అక్షరాల కింద కూర్చుంటాయి మరి. భార్య చెంపమీది పుట్టుమచ్చ ఏ అచ్చో తేల్చుకున్నాకే ఆయన పెళ్లికి ఒప్పుకున్నాడని విద్యార్థులు చెప్పుకునేవారు. విని ఆయనా నవ్వేవాడు. నవ్వే రోజులవి.

ఆ తర్వాత కూతురు జ్వరంతో పోయింది. మామూలు జ్వరమే కదా, పొద్దుటికి దిగిపోతుందని తల్లి బిళ్ల వేసి పడుకోబెట్టింది. పక్కగదిలో తండ్రి పుస్తకాల్లో మునిగి ఉన్నాడు. తెల్లారేసరికి ఇంకేముంది, అంతా అయిపోయింది.

పరామర్శకొచ్చిన బావగారు, అంటే ఆవిడ అన్నగారు, చర్చిలో పాస్టరు. పాస్టర్లు చదివే ఆ పాత హీబ్రూ గ్రంథంలో బిడ్డల్నీ ఆస్తినీ పోగొట్టుకుని బూడిదలో కూర్చున్న మనిషి సంగతి ఎత్తాడు. దేవుడితోనే పోట్లాడిన అంతటివాడూ చివరికి పశ్చాత్తాపపడ్డాడట. నువ్వూ పడు చెల్లీ, శాంతి దొరుకుతుందని చెప్పి, టీ తాగి వెళ్లాడు. చెడ్డవాడేం కాదు. మంచివాళ్లు చేసే చెరుపుకే మందుండదు.

అప్పట్నుంచి ఆవిడ కూతురి మంచం దిగలేదు. అన్నం సయించలేదు. ఏ పాపం ఎరగనివాడే పశ్చాత్తాపపడితే బిళ్ల వేసి ఊరుకున్న నేనెంత అని ఒకటే మాట. చెప్పి చెప్పి గొంతు కూడా బొంగురుపోయింది.

ఆ మాట విన్నప్పుడల్లా మాస్టారు గుమ్మంలోంచే వెనక్కి తిరిగేవాడు. ఎందుకంటే ఆ గ్రంథం తెలుగు అనువాదంలో పశ్చాత్తాపమన్న మాట పెట్టింది ఆయనే.

మూలంలో ఆ బూడిదలో మనిషి అన్నది 'నిహమ్తి' అనే ఒక్క మాట. చేసినదానికి కుమిలిపోతున్నానన్నా అదే, నా మనసు ఊరడిల్లిందన్నా అదే. చుక్కలు కూడా రెండర్థాలకీ అవే. అనువాద సంఘంలో దీనిమీద పెద్ద రగడే జరిగింది. ఆయనకు చదువు చెప్పిన ముసలి గురువు 'ఊరడిల్లింది' అని రాయమన్నాడు. మరోచోట ఆ మాట ఊరడింపుకే వాడారని తీసి చూపించాడు కూడా. చుక్కల మాస్టారప్పుడు కుర్రవాడు, నోరున్నవాడు. సందర్భం వేరని గురువుగారి నోరు మూయించాడు. అందరూ భుజం తట్టారు. ఆ పొగడ్త ఇన్నేళ్లూ ఎంత తియ్యగా ఉండేదో.

ఇప్పుడు చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు లైబ్రరీలో పడ్డాడు. గురువు చూపించిన చోటు మళ్లీ తీశాడు. నిజమే, అక్కడ ఊరడింపే. దాంతో గురువు గెలిచినట్టేనా అంటే, అదీ కాదు. రెండో వైపూ సాక్ష్యం అంతే ఉంది. తన వాదనకు తనే జవాబు వెతుక్కుంటూ మాస్టారు పుస్తకాలమీద తలపెట్టి ఏడ్చాడు. తీర్పు ఎటూ మొగ్గలేదు. ఇంట్లో మనిషి మాత్రం రోజురోజుకీ కరిగిపోతోంది.

ఇక లాభం లేదని ఒక మధ్యాహ్నం కంచంలో అన్నం కలిపి తెచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. మాటకున్న రెండర్థాలూ చెప్పాడు. తప్పుడు అర్థం పెట్టింది తనేనన్నాడు. నిజానికి తప్పని తేలలేదు. అయినా అన్నాడు. బతుకంతా చుక్క జరిపి ఎరగని మనిషి ఆ పూట ఏకంగా మాటనే జరిపేశాడు.

"బూడిదలో కూర్చున్నాయన తప్పు ఒప్పుకోలేదే. మనసు కుదుటపడిందన్నాడంతే. నీ తప్పూ ఏం లేదు. ఒక్క ముద్ద తిను."

ఆవిడ ఆయనవైపు తిరిగింది. కళ్లలో కోపం లేదు. అదుంటే ఆయనకు కొంత నయంగా ఉండేది.

"ఈ అర్థం అమ్మాయి ఉన్నప్పుడు చెప్పాల్సిందండీ," అంది. "అప్పుడైతే నమ్మేదాన్ని."

కలిపిన ముద్ద ఆయన చేతిలోనే ఉండిపోయింది.